దెబ్బ కనపడలేదట

మార్చి 12

అక్కయ్యకు,

ఈ ఉత్తరం రాయకూడదనే ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నాను. ఇక నావల్ల కాలేదు. నీ మరదలు కూడా "మీ అక్కగారికి మన మీద ఏం కోపమో కనుక్కోండి, లేకపోతే నాకు తిండి సయించదు" అని పట్టుబట్టింది. అందుకని అడుగుతున్నాను. మా మీద నీకేం కోపం?

ఇన్నేళ్ళు అద్దె ఇళ్ళలో ఈడ్చుకొచ్చి, ఇప్పటికి నాలుగో అంతస్తులో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాం. అందరికంటే ముందు నువ్వే చూడాలని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. వచ్చావు. వచ్చి ఏం చేశావు? నేను లిఫ్టు తలుపు పట్టుకుని నీకోసం నిలబడితే, నా మొహమైనా చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయావు. ఇంట్లో ఒక చుట్టు చుట్టి "బాగుంది" అన్నావు. ఆ మాట పక్కవాడు కొత్త గొడుగు కొనుక్కున్నా అంటారు. నీ మరదలు పడగ్గది సర్ది, ఏసీ వేసి, తలుపు దగ్గరికి వేసి, "చల్లగా ఉంటుంది వదినా, కాసేపు నడుం వాల్చండి" అంటే పాము కనపడ్డట్టు వెనక్కి గెంతావు. తర్వాత గుమ్మం బయట, అందరి చెప్పుల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, అన్నం కూడా అక్కడే తిన్నావు. ఎదురింటాయన "పనికి కొత్తగా కుదిరారా?" అని నన్నడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోటి రాయడానికి సిగ్గుగా ఉంది. స్నానాల గది తలుపు వేసుకోనంటే, నీ మరదలు దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడింది. మా ఇంటి తలుపులు కూడా నీకు పనికి రాలేదా? సాయంత్రం దాకా అయినా ఉండకుండా బస్సుకి వేళైందని వెళ్ళిపోయావు.

అమ్మ గొలుసు విషయం ఇంకా మనసులో పెట్టుకున్నావా? పెట్టుకుంటే మొహానే అడుగు. ఒంట్లో బాగాలేదని మాత్రం సాకు చెప్పకు. కోల్డ్ స్టోరేజీలో కాసేపు ఇరుక్కుపోయానని, ఆసుపత్రి నుంచి వచ్చేశానని, పూర్తిగా తగ్గిపోయిందని డిసెంబరులో నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది.

కోపంతోనే అయినా,
నీ తమ్ముడు


మార్చి 19

ఒరేయ్ చిన్నోడా,

ఆశీస్సులు చివర్లో చెప్తాను, ముందు తిట్లు తిను. అమ్మ గొలుసు నీ పెళ్ళాం మెళ్ళో వేసింది ఎవరు? నేనే. ఈ చేతుల్తోనే వేశాను. దాని మీద నాకు కోపమేమిటి? అంత మాట ఎలా రాయబుద్ధయింది నీకు?

తగ్గిపోయిందని రాశాను, నిజమే. నువ్వు కంగారు మనిషివి కనక రాశాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, కూర్చుని చదువు.

నా పని నీకు తెలుసు. ఆ కోల్డ్ స్టోరేజీలో ఒక్కో గది ఒక సినిమా హాలంత ఉంటుంది. గదిగదికీ వెళ్ళి చలి సరిగ్గా ఉందో లేదో చూసి, పాడైన పళ్ళ పెట్టెలు ఏరించాలి. ఆరోజు మూడో గదిలో చివరి వరసలో ఉండగా తలుపు పడింది. లోడింగు కుర్రాడు లోపల ఎవరూ లేరనుకుని బయట గడియ వేసి, దీపం ఆర్పి, భోజనానికి పోయాడు. అతన్ని నేను ఒక్క మాట అనను. మనిషన్నాక పొరపాటు పడతాడు. అలా పడ్డప్పుడు లోపలి మనిషి చావకుండానే గోడకి ఎర్ర బటన్ ఒకటి పెడతారు. నొక్కితే ఆఫీసులో గంట మోగాలి. చీకట్లో గోడ తడుముకుంటూ పోయి నొక్కాను. వేలు పచ్చడయ్యేదాకా నొక్కాను. అది మోగితేగా! ఆ గంట మేనేజరు గదిలో ఉంది. ఎవరో ఒకరి మోచెయ్యి తగిలి ఊరికే మోగుతోందని, ఫోన్లో మాట్లాడుకోడానికి అడ్డమొస్తోందని, ఆ మహానుభావుడు ఏనాడో వైరు కత్తిరించి పారేశాడు. మాకెవ్వరికీ చెప్పలేదు.

కూర్చుంటే చచ్చిపోతానని తెలుసు. అందుకని తిరిగాను. గోనెసంచులు కప్పుకుని, అరచేతులు చరుచుకుంటూ పెట్టెల చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. అమ్మని పిలిచాను, నిన్ను పిలిచాను, ఇక నోరు తిరగలేదు. దీపాలు పెట్టే వేళకి ఇంకో లారీ సరుకు వచ్చింది కాబట్టి తలుపు తీశారు. ఆ లారీ టైరు పంక్చరయి ఉంటే నీకు ఉత్తరం ఇంకెవరో రాసేవాళ్ళు.

ఆసుపత్రిలో కంపెనీ డాక్టరు నా వేళ్ళు పట్టుకుని చూసి, "అన్నీ ఉన్నాయి, అదృష్టవంతులు" అన్నాడు. ఉన్నాయి, కాదన్లేదు. కానీ తలుపు పడిన చప్పుడు వింటే ఊపిరి ఆగిపోతోంది తమ్ముడూ. మా స్నానాల గది తలుపు మీ బావ ఊడదీసి పరదా కట్టాడు. ఫ్రిజ్ మోటారు చప్పుడు వినలేక అమ్మేశాం. వీధి తలుపు బార్లా తీసి పడుకుంటున్నాం. కుక్క వచ్చి మీ బావ చెప్పు ఎత్తుకుపోయింది, పాపం రెండోది పట్టుకుని వీధంతా వెతికాడు. నీ దగ్గరికి వచ్చిన రోజున కూడా తలుపులు మూసుకునే బస్సులన్నీ వదిలేసి, తలుపుల్లేని పాత డొక్కు బస్సు కోసం నిలబడి వచ్చాను. అంత కష్టపడి నీ ఇల్లు చూడ్డానికి వస్తే నువ్వు గొలుసు మాట ఎత్తావు.

గదుల్లోకి వెళ్ళలేకపోతున్నాను, బయట పని ఏదైనా ఇవ్వమంటే, కంపెనీ నన్ను పనిలోంచి తీసేసింది. నష్టపరిహారం అడిగితే పట్టిక చూపించారు. బొటనవేలికి ఇంత, చూపుడు వేలికి ఇంత, చిటికెన వేలికి ఇంత. కన్నుకి, చెవికి, ఆఖరికి కాలివేళ్ళకి కూడా రేటు ఉంది. నిద్రకి లేదు. భయానికి లేదు. "మీకు దెబ్బ ఎక్కడా కనపడలేదమ్మా" అన్నాడు గుమాస్తా, ఏదో నేను దొంగ బిల్లు పెట్టినట్టు. ఆ గదిలో ఒక వేలు పారేసుకుని వచ్చినా నాకు కుర్చీ వేసి మాట్లాడేవాళ్ళు.

అందుకే కేసు వేశాను. లాయరమ్మ మంచిది. ఇప్పుడు వాళ్ళ లాయరు నా మానసిక స్థితి మీద పడ్డాడు. నా మతి సంగతి వాళ్ళు తేలుస్తారట! నా వాళ్ళనీ ఇరుగుపొరుగునీ విచారిస్తారట. వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మరదలికి చెప్పు, ఆ దుప్పటి పట్టుకుని నిలబడినందుకు తన రుణం తీర్చుకోలేను.

ఆశీస్సులతో, ఇంకా మిగిలిన తిట్లతో,
అక్క


మార్చి 30

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నేనూ నీ మరదలూ ఇద్దరం ఏడ్చాం. గొలుసు మాట నేను అనలేదనుకో. నన్ను చెప్పుతో కొట్టినా పడతాను.

కానీ ఏడుపు కంటే కోపం ఎక్కువైంది. నా అక్క మతి సంగతి వాళ్ళు తేల్చడమేమిటి? గంట వైరు కోసింది వాళ్ళు, చంపబోయింది వాళ్ళు, పైగా నీకు పిచ్చని ముద్ర వేస్తారా? ఎంత పొగరు! మనింట్లో ఏడు తరాల్లో ఎవరికీ మతి చెడలేదు.

నువ్వేమీ దిగులు పడకు. ఆ పని నేను చూసుకున్నాను. మొన్న మా స్కూలు ఆఫీసుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల పెట్టె. నీ కేసు విషయమే అన్నాడు. ఎంతో మర్యాదగా "మీ అక్కగారి మానసిక ఆరోగ్యం మీద కొందరికి అనుమానాలున్నాయి, సొంత తమ్ముడిగా మీరేమంటారు?" అని అడిగాడు. పోనీలే, నీ తరఫున మాట్లాడే మనిషి ఒక్కడైనా ఉన్నాడనుకున్నాను. "పిల్లలకి ప్రవర్తన సర్టిఫికెట్లు రాసేది మీరేనట కదా, అలాంటిదే ఒకటి రాసిస్తే బాగుంటుంది" అన్నాడు. అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, గట్టిగా ఉంటుందని స్కూలు ముద్ర కూడా కొట్టి ఇచ్చాను. ఇలా రాశాను:

"ఈమె నా తోడబుట్టిన అక్క. చిన్ననాటి నుంచి నేనెరిగిన మనిషి. సంపూర్ణ మానసిక ఆరోగ్యంతో ఉన్నారు. ఎటువంటి భయాలూ, ఆందోళనలూ లేవు. ధైర్యశాలి. ప్రవర్తన మంచిది."

ఎలా ఉంది? నువ్వు రాసిన తలుపుల సంగతి, ఫ్రిజ్ సంగతి ఒక్క ముక్క బయట పెట్టలేదు. మన ఇంటి గుట్టు నేను ఎక్కడైనా బయటపెడతానా? ఆ పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వెళ్ళాడు.

ఇక వాళ్ళు నోరెత్తరు.

నమస్కారాలతో,
తమ్ముడు


ఏప్రిల్ 6

తమ్ముడికి,

ఇక నోరెత్తలేనిది వాళ్ళు కాదు, నేను.

వచ్చినవాడు కంపెనీ మనిషిరా. నా మనసుకి దెబ్బ తగిలిందని కోర్టులో చెప్తున్నది నేను. తగల్లేదని చెప్తున్నది వాళ్ళు. నాకు పిచ్చి అని ఎవరూ అనలేదు. నేను నిక్షేపంలా ఉన్నానని, డబ్బు కోసం నాటకం ఆడుతున్నానని వాళ్ళ వాదన. దానికి సాక్ష్యం లేక గింజుకుంటుంటే, నా ఒక్కగానొక్క తమ్ముడు ముద్ర కొట్టి మరీ అందించాడు. "ఎటువంటి భయాలూ లేవు." నిన్న వాళ్ళ లాయరు ఆ ముక్క గట్టిగా, తీరిగ్గా చదివాడు. "సొంత తమ్ముడు రాసింది కదమ్మా, ఆయన కూడా అబద్ధమాడారంటారా?" అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మా లాయరమ్మ తల పట్టుకుని కూర్చుంది. మనసు డాక్టరమ్మ నెలల తరబడి నన్ను చూసి రాసిచ్చిన కాగితాలు ఒక పక్క, నువ్వు టీ తాగుతూ రాసిన ఆ ముక్క ఒక పక్క.

గుట్టు అంటావు. గుట్టు ఏమిటిరా? నేనేం దొంగతనం చేశానా? కాలు విరిగితే కట్టు కట్టుకుని వీధిలో తిరుగుతాం, అందరూ "అయ్యో" అంటారు. ఇది మాత్రం దాచుకోవాలా? నా తప్పేముందని దాచుకోవాలి? గంట వైరు కోసినవాడు తలెత్తుకుని కారులో తిరుగుతున్నాడు, నేను తల దించుకోవాలి, ఇదేం న్యాయం?

నీ మంచితనం నన్ను నిలువునా ముంచింది. కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయకు.

అక్క


ఏప్రిల్ 14

అక్కయ్యకు,

రాయొద్దన్నా రాస్తున్నాను. నువ్వు తిట్టిన తిట్లకి నేను తగినవాణ్ణే. ఆ పెద్దమనిషి ఎదురుపడితే కాలర్ పట్టుకోవాలని ఉంది.

నిజంగానే ఎదురుపడ్డాడు కూడా. మళ్ళీ స్కూలుకి వచ్చాడు. కాలర్ పట్టుకోలేదు, నీతో అబద్ధమెందుకు. గేటు దగ్గరే నిలబెట్టి చెడామడా కడిగేశాను. అతను చలించలేదు. కేసు వెనక్కి తీసుకుంటే కంపెనీ దయతలచి కొంత సొమ్ము ఇస్తుందట. ఎంత ఇస్తారో కూడా చెప్పాడు. అక్కా, అది చిన్న మొత్తం కాదు. నా మాట వింటావా? తీసేసుకో. నువ్వు కోర్టు మెట్లెక్కి, నలుగురి ముందూ నీ భయాలన్నీ విప్పి చెప్పుకుంటుంటే నేను భరించలేను. రేపు గెలిచినా ఊళ్ళో "ఫలానా ఆవిడకి మనసు బాగాలేదట" అనే మిగులుతుంది. ఆ డబ్బుతో బావగారు ఇంకో కుట్టుమిషను కొని పనివాణ్ణి పెట్టుకోవచ్చు. నువ్వు విశ్రాంతిగా ఉండొచ్చు.

నీ మేలు కోరే చెప్తున్నాను. ఇంతకుముందు కూడా నీ మేలు కోరే చేశాను, అదే నా ఖర్మ.

తమ్ముడు


ఏప్రిల్ 25

చిన్నోడికి,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. మీ బావ లాక్కుని దాచాడు. "వాడు మంచివాడే, కాస్త తొందర ఎక్కువ" అంటాడు. ఈయనకి అందరూ మంచివాళ్ళే, చెప్పు ఎత్తుకుపోయిన కుక్కతో సహా.

దయతలచి ఇస్తారట. ఆ కాగితం మా ఇంటికీ వచ్చింది, నువ్వు చూడలేదు కనక చెప్తాను. అందులో ఏముందంటే, నేను "స్వతహాగా పిరికి స్వభావం గలదాన్ని" కాబట్టి, కంపెనీ తప్పేమీ లేకపోయినా, మానవత్వంతో ఆ సొమ్ము ఇస్తున్నారట. దాని కింద నేను సంతకం పెట్టాలి. అంటే పుట్టుకతోనే నాలో లోపం ఉందని, ఆ గది నన్నేమీ చెయ్యలేదని నా చేత్తో నేను ఒప్పుకోవాలి. వైరు మాట ఒక్క అక్షరం లేదు.

నేను పిరికిదాన్నా? ఆ గదుల్లో ఇన్నేళ్ళు ఒంటరిగా తిరిగిందాన్ని. చీకట్లో, గడ్డకట్టే చలిలో, చావకుండా కాళ్ళ మీద నిలబడినదాన్ని. ఎంత డబ్బిచ్చినా ఆ మాట మీద సంతకం పెట్టను. నాకు కావలసింది ఒక్కటే. ఇది నాకు జరిగిందనీ, చేసింది వాళ్ళేననీ ఒక కాగితం మీద, ఒక జడ్జి చేత్తో రాసి ఉండాలి. అది రాకపోతే కొన్నాళ్ళకి నేనే నమ్మేస్తాను తమ్ముడూ, నిజంగానే నాలోనే ఏదో లోపం ఉందని. నాకు అన్నిటికంటే అదే భయం. తలుపుల భయం దీని ముందు ఎంత?

నీ ఊళ్ళోవాళ్ళు ఏమంటారో నాకు అక్కర్లేదు. అనుకోనీ.

ఇక అసలు సంగతి. నువ్వు రాసిచ్చిన దాని మీద నిన్ను ప్రశ్నించాలని మా లాయరమ్మ కోర్టుని అడిగింది. జూన్‌లో నీకు కోర్టు నుంచి పిలుపొస్తుంది. రా. వచ్చి నన్ను పొగడకు, కాపాడకు, ఏడవకు. నువ్వు కళ్ళారా చూసింది చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పావో, ఈసారి నిజంగానే చెప్పు తీస్తాను.

అక్క


జూన్ 18

అక్కయ్యా,

నిన్న కోర్టులో నిన్ను చూశాను, నీతో మాట్లాడలేకపోయాను. నువ్వు బయటికి వెళ్ళాక లోపల ఏం జరిగిందో నీకు తెలియదని లాయరమ్మ చెప్పింది. మెట్ల కింద నిన్ను బావగారు పట్టుకుని కూర్చున్నారు, నేను దగ్గరికి వస్తే వద్దన్నట్టు చెయ్యి ఊపారు. బస్సెక్కి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

జడ్జిగారు మంచి ఉద్దేశంతోనే అన్నారు. "ఇలాంటి విషయాలు పదిమందిలో ఎందుకు, బయటివాళ్ళని పంపించి తలుపులు వేయండి" అన్నారు. నీ పరువు కాపాడదామని. సరిగ్గా నేను చేసినట్టే. లాయరమ్మ "అయ్యా, ఒక్క నిమిషం" అంటూ లేచేలోపే బంట్రోతు తలుపులు మూసి గడియ వేశాడు. ఆ గడియ చప్పుడు ఎంతటిదో అక్కా, నిన్నటిదాకా నాకు తెలియదు.

నువ్వు అరవలేదు. లేచావు. గోడ వెంబడి నడవడం మొదలుపెట్టావు. అరచేతులు చరుచుకుంటూ, బెంచీల చుట్టూ, జడ్జిగారి బల్ల పక్కనుంచి, మళ్ళీ చుట్టూ. ఎవరినీ చూడటం లేదు. పెదాలు కదులుతున్నాయి. నా పక్కనుంచి పోతున్నప్పుడు విన్నాను. నన్నే పిలుస్తున్నావు. నేను అక్కడే, చేతికందే దూరంలో ఉన్నాను. నన్ను పోల్చుకోలేదు. కోర్టులో నోరెత్తకూడదంటారు, నేను "తలుపు తియ్యండ్రా!" అని ఎలుగెత్తి అరిచి, బంట్రోతుని పక్కకి నెట్టి గడియ లాగేశాను. నువ్వు వెళ్ళిపోయావు.

వాళ్ళ లాయరు కుర్చీలో వెనక్కి వాలి, "నటన బాగుంది" అన్నాడు. జడ్జిగారు అతనికేసి ఒక్క చూపు చూశారు. తలుపు తెరిచే ఉంచమన్నారు. తర్వాత నన్ను బోనులోకి పిలిచారు.

ఆ లాయరు నా సర్టిఫికెట్ నా మొహం ముందు ఆడించాడు.

"ఈ చేతిరాత మీదేనా?"

"నాదే."

"ముద్ర?"

"మా స్కూలుది. నేనే కొట్టాను."

"ఇందులో ఉన్నది నిజమా, అబద్ధమా? ఒక్క ముక్కలో చెప్పండి."

నిజమంటే నువ్వు పోతావు. అబద్ధమంటే నేను పోతాను. అప్పుడు చెప్పాను. "అయ్యా, నేను స్కూలు గుమాస్తాని. ఏటా కొన్ని వందల ప్రవర్తన సర్టిఫికెట్లు రాస్తాను. ఏ పిల్లాడి మొహమూ చూడను. అడిగినవాడికల్లా 'ప్రవర్తన మంచిది' అని రాసి ముద్ర కొడతాను. ఇది కూడా అలా రాసిందే. మా అక్కని చూడకుండా రాశాను. చూసింది ఇవాళే."

లాయరమ్మ లేచి, నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు సంగతి చెప్పమంది. అన్నీ చెప్పాను. లిఫ్టు, ఏసీ గది, చెప్పుల మధ్య స్టూలు, దుప్పటి. నేను నీకు రాసిన కోపం ఉత్తరంలో ఉన్నదే చెప్పాను, ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "ఇదంతా చూసి మీరు ఎందుకని అడగలేదా?" అన్నారు. "కోపం తెచ్చుకున్నానండి. అడగలేదు" అన్నాను. ఆయన అది కూడా రాసుకున్నారు.

ఇవాళ పొద్దున్నే హెడ్మాస్టరు మెమో ఇచ్చారు. స్కూలు ముద్రకి విలువ లేదని కోర్టులో చెప్పి పరువు తీశానట. సంజాయిషీ ఇవ్వాలి. నీ మరదలు ఒక మాట అనలేదు. "బాగా చెప్పారు" అంది, అంతే.

అక్కా, అక్కడ చీకట్లో కూడా నన్ను అలాగే పిలిచావా?

తమ్ముడు


సెప్టెంబరు 3

తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు. ఈసారి తిట్లు లేవు, ఉన్నా అవి నీకు కాదు.

పిలిచాను. అలాగే పిలిచాను. నీకు వినపడలేదని నీమీద నాకు కోపం లేదు. వినపడాల్సింది మేనేజరుకి.

తీర్పు వచ్చింది. లాయరమ్మ చదువుతుంటే మీ బావ నా చెయ్యి పట్టుకున్నాడు. శరీరం మీద గాయం లేనంత మాత్రాన హాని జరగలేదనడం సరికాదట. గంట వైరు తీసేయడం కంపెనీ నిర్లక్ష్యమట. ఈమె ఇప్పుడున్న స్థితికి ఆ సంఘటనే కారణమట, స్వభావం కాదట. ఆ "కాదు" అనే ముక్క మళ్ళీ చదివించుకున్నాను. మీ బావ జేబురుమాలు లేక నా కొంగుతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక పరిహారం అంటావా, రెండు వేళ్ళకి వచ్చేదానికంటే తక్కువ. పట్టికలో లేనిదానికి ఎంత ఇవ్వాలో వాళ్ళకీ తెలియలేదట, ఉజ్జాయింపుగా వేశారు. పై కోర్టుకి వెళ్దామా అని లాయరమ్మ అడిగింది. రాయించుకోవలసింది రాయించుకున్నాను, చాలన్నాను. చాలన్నానే గానీ కడుపు మండుతూనే ఉంది. వైరు కోసిన ఆ మనిషికి జరిమానా లేదు, మెమో కూడా లేదు. నిజం చెప్పినందుకు నీకు మెమో. ఆ హెడ్మాస్టరుతో నేను మాట్లాడతానని మీ బావతో అంటే, "ముందు వాళ్ళ గది తలుపులు తీసి ఉంచమని కబురు పంపు" అన్నాడు. ఈయనకి ఈ వయసులో వెటకారం వచ్చింది.

నిన్న ఆ సొమ్ము తీసుకోవడానికి మీ బావని వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. చెక్కులిచ్చే కుర్రాడు లోపలికి రమ్మన్నాడు. అద్దాల గది, తలుపు దానంతటదే మూసుకునేది. నేను వరండాలోనే నిలబడ్డాను. చెక్కు బయటికి పట్టుకు రమ్మన్నాను. రూలు ఒప్పుకోదన్నాడు. "మీ రూలు కంటే కోర్టు కాగితం పెద్దది, చదువుకుని రా" అన్నాను. సణుక్కుంటూ తెచ్చాడు.

రసీదు అచ్చేసి ఉంది. "పూర్తి సంతృప్తితో అందుకున్నాను" అని. సంతృప్తి కూడా వాళ్ళే అచ్చేసి పెట్టుకున్నారు! పెన్ను తీసుకుని ఆ రెండు ముక్కలూ కొట్టేశాను. "అందుకున్నాను" అని మాత్రం ఉంచాను. కుర్రాడు కంగారుగా మేనేజరు గదిలోకి పరిగెత్తాడు. ఆ మహానుభావుడు గుమ్మం దాకా వచ్చాడు, నన్ను చూశాడు, ఏదో గొణిగి లోపలికి పోయాడు. పోతూ పోతూ తలుపు విసురుగా వేసుకున్నాడు. ఎదురుగా నేను నిలబడి ఉండగా, ఆ తీర్పు వచ్చిన వారానికే. ఒళ్ళంతా చెమట పట్టింది. మీ బావ భుజం పట్టుకోకపోతే పడిపోయేదాన్ని. అయినా సంతకం పెట్టాను.

కుర్రాడు ఆ సంతకాన్నీ, పాత హాజరు పుస్తకంలో నేను పెట్టిన సంతకాన్నీ పక్కపక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు. వణికిన చేత్తో పెట్టింది కదా, ఎక్కడా పొంతన లేదు. "కలవట్లేదమ్మా. ఇదివరకటిలా పెట్టండి" అన్నాడు.

"ఇదివరకటిలా పెట్టే మనిషి మీ మూడో గదిలోనే ఉండిపోయింది నాయనా. కావాలంటే వెళ్ళి పెట్టించుకో" అన్నాను.

వాడు తలెత్తలేదు. చెక్కు నా చేతిలో పెట్టాడు.

మీ
అక్క